ఏసుబాబు ఆడని ఆటలు

మా ఊళ్లో ఫిబ్రవరి నుంచి మే దాకా మనిషి కనపడకపోతే ఎవరూ అడగరు. "మిరపకాయల మీద ఉన్నాడులే" అంటారు. అంతటితో ఆ మనిషి సంగతి అయిపోయినట్టే. కోతలు, ఆరబోతలు, రంగు పోయిన తాలుకాయ ఏరటం, కల్లంలోనే తిండి, కల్లంలోనే పడక. పెళ్లికి రాకపోయినా, చావుకి ఆలస్యంగా వచ్చినా ఆ ఒక్క మాటతో మాఫీ. ఏసుబాబు గురించి ఆ మాట నా నోటితో నేనే కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు లక్ష్మీకాంత్. వినుకొండ నుంచి దర్శికి పోయే దారిలో మా ఊరు. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, ఇంత నోరు, ఇవీ నా ఆస్తులు. నేను మా వాకిట్లో మాట్లాడితే పక్క వీధివాళ్లు జవాబు చెబుతారని మా ఆవిడ బిందుమాధవి ఎగతాళి చేస్తుంది. ఇది నా కథ కాదు గానీ, ఇందులో తప్పు సగానికి పైగా నాది కాబట్టి నేనే చెప్పాలి.

హైస్కూలు గ్రౌండులో పద్దెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం అయిదింటికి బాల్ బ్యాడ్మింటన్ ఆడతాం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, టీవీలో చూపించే ఈకల బంతి ఆట వేరు, ఇది వేరు. పసుపుపచ్చ ఉన్ని బంతి, పెద్ద కోర్టు, అటు అయిదుగురు ఇటు అయిదుగురు, ముప్పై అయిదు పాయింట్లు. మేం నలుగురైదుగురు రైతులం, టీ కొట్టు ముబీన్, ఎరువుల కొట్టు ప్రేమ్‌చంద్, ఇద్దరు టీచర్లు. ఒక్కడు తగ్గినా ఆట కుదరదు, అందుకని జ్వరం వచ్చినా వచ్చేవాళ్లం. వచ్చి అరుచుకునేవాళ్లం. బంతి గీత మీద పడిందా అవతల పడిందా అని నేనూ ప్రేమ్‌చందూ కాలర్లు పట్టుకున్న రోజులున్నాయి. ఆట అయ్యాక ముబీన్ కొట్టులో టీ తాగి ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం.

ఏసుబాబు నా జట్టు. వెనక వరసలో కుడివైపు నేను, ఎడమవైపు అతను. నాకంటే రెండేళ్లు చిన్న, యాభైకి దగ్గర పడ్డాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర గుమాస్తా. సన్నగా పొడుగ్గా ఉంటాడు, చొక్కా నలగనివ్వడు, మాట బొత్తిగా తక్కువ. బంతి మా ఇద్దరి మధ్యకి వచ్చినప్పుడు "నాదండీ" అనో "మీదండీ" అనో అనేవాడు. ఆ మాటల పుణ్యమాని మేం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఒకరినొకరు గుద్దుకోలేదు. మిల్లులో డ్యూటీ దిగి నాలుగింటికల్లా గ్రౌండుకొచ్చేవాడు. కోర్టంతా ఊడ్చి, బోరు దగ్గర నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి చల్లి, పిడుగురాళ్ల నుంచి తెప్పించిన సున్నంతో గీతలు గీసేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. మేం వచ్చేసరికి కోర్టు తయారుగా ఉండటం మాకు అలవాటైపోయింది.

ఆరేళ్ల క్రితం అతని భార్య జబ్బు చేసి పోయింది. మేమంతా సమాధుల తోట దాకా పోయి దండలేసి వచ్చాం. పదో రోజున అతను చీపురు పట్టుకుని మళ్లీ గ్రౌండులో కనపడ్డాడు. మేం ఏమీ అడగలేదు. ఆడించాం, అంతే. ఒక్కతే కూతురు, జాస్మిన్, గుంటూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. నెలకోసారి వచ్చి పోతుంది. వేసవిలో మిల్లు మూసేసినన్నాళ్లూ రెండు పూటలా గ్రౌండుకొచ్చేవాడు, పొద్దున స్కూలు పిల్లలకు ఆట నేర్పి, సాయంత్రం మాతో ఆడేవాడు. అతని గురించి నాకు తెలిసింది ఇంతే. పద్దెనిమిదేళ్లకి ఇంతే.

ఇక మిరపకాయల సంగతి. ఆరబోతకు గట్టి నేల కావాలి. మట్టి లేవకూడదు, గడ్డి ఉండకూడదు, గాలి ఆడాలి. రోజూ ఊడ్చి, నీళ్లు చల్లి, పదిమంది తొక్కిన బ్యాడ్మింటన్ కోర్టు కంటే గట్టి నేల మా ఊళ్లో ఇంకొకటి లేదు. అందుకని ఏటా కోతలు మొదలవగానే అక్కడ కాయలు పోసుకోవటం మాకు ఆనవాయితీ. బదులుగా స్కూలుకు ఏటా వెల్ల వేయిస్తాం, హెడ్మాస్టరు కూడా రైతుబిడ్డే, కాదనడు. మహా అయితే ఉగాది దాకా. ఆ నెలన్నర ఆట ఉండదు, మాకెవరికీ ఆట గుర్తుకు కూడా రాదు.

ఈ ఏడు అన్నీ అడ్డం తిరిగాయి. డిసెంబరులో తుపాను వాన పడి పత్తి నల్లబడింది. సరుకు రాక మిల్లు సంక్రాంతి పోగానే మూసేశారు, మళ్లీ దీపావళికే అన్నారు. మిరప కోతలు వెనకబడ్డాయి. కోసిన కాయ పెడదామంటే కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయాయి. ఫిబ్రవరి మొదటివారంలో పోసిన కాయలు మే వచ్చినా గ్రౌండులోనే ఉన్నాయి. కోర్టు నడిమధ్యలో ఉన్న రాశి ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. నాదే. మొదటి ట్రాక్టరు తిరగేసింది కూడా నేనే.

ఆ రోజు ఏసుబాబు అక్కడే ఉన్నాడు. నెట్టు విప్పి మడతపెట్టి, స్తంభాలు పీకి గోడకు ఆనించాడు. "ఎప్పటిదాకా అండీ?" అని అడిగాడు. "ఎప్పటిలాగే" అన్నాను నేను ట్రాక్టరు వెనక్కి చూసుకుంటూ. అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ తరువాత మూడు నెలల పాటు నేను అతన్ని చూడలేదు. ముబీన్ రెండుసార్లు అడిగాడు, "ఏసుబాబు అసలు టీకి కూడా రావట్లేదేందన్నా?" అని. నేనేమన్నానో ముందే చెప్పాను.

మే నెలలో ఒక రోజు పొద్దున పదకొండింటికి కాయలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"లక్ష్మీకాంత్ అంకులేనాండీ? నేను జాస్మిన్ని, ఏసుబాబుగారి అమ్మాయిని. ఏదన్నా అవసరమైతే మీకు చెయ్యమని నాన్న ఎప్పుడో మీ నంబరిచ్చాడు. నాన్న ఫోన్ రెండు రోజుల నుంచి స్విచాఫ్ వస్తోంది. మొన్న ఆటకొచ్చాడా అంకుల్?"

"ఆటెక్కడిదమ్మా? ఫిబ్రవరి నుంచి గ్రౌండు నిండా కాయలే గదా" అన్నాను.

లైను పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"మరి రోజూ ఏడింటికి ఫోన్ చేసి స్కోరు చెబుతున్నాడే" అంది ఆ పిల్ల. "ఆదివారం మీరు ముప్పై అయిదు, ముప్పై రెండుతో గెలిచారన్నాడు. అంతకు ముందు వారం మీరు వెనక్కి పరిగెత్తి పడ్డారు, మోచెయ్యి గీసుకుందన్నాడు. ప్రేమ్‌చంద్ అంకుల్ గొడవపెట్టుకుని టీ తాగకుండా పోయాడన్నాడు."

నేను నా మోచేతి వంక చూసుకున్నాను. గీత కూడా లేదు. మా ఊళ్లలో రెండు రోజులు ఫోన్ తీయని ఒంటరి మనిషి ఇంటికి పోతుంటే మనసులో ముందు ఏ పురుగుమందు డబ్బా మెదులుతుందో మీకు చెప్పక్కర్లేదు. పార అక్కడే పడేసి బండి తీశాను.

ఊరి చివర ఏసుబాబు వాళ్లుండే పేటలోకి పోయాక కానీ నాకు తెలిసి రాలేదు, అతని ఇల్లెక్కడో నాకు తెలియదని. కోతకు మనుషుల్ని మాట్లాడుకోవటానికి ఏడాదికి పదిసార్లు ఆ పేటకు పోతాను. ఏ ఇంట్లో ఎంతమంది కూలీకొస్తారో చెప్పగలను. నా పక్కన పద్దెనిమిదేళ్లు ఆడిన మనిషి ఇల్లు మాత్రం అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సిగ్గుపడటానికి కూడా టైము లేదప్పుడు. చర్చి పక్కన బట్టలు ఆరేస్తున్న సంతోషకుమారి అనే ఆవిడ చెయ్యి చూపించింది.

"మనిషి బాగానే ఉన్నాడా?" అని అడిగాను.

"ఏమోనండీ, ఈస్టర్‌కి కూడా గుడికి రాలా. మీ గ్రౌండు వాళ్లతో ఉంటున్నాడేమో అనుకున్నాం" అంది.

మేమేమో మిరపకాయల మీద అనుకున్నాం. వీళ్లేమో మా దగ్గర అనుకున్నారు. అందరూ ఏదో ఒకటి అనుకున్నారు. మనిషి మాత్రం ఎవరి దగ్గరా లేడు.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. నా గొంతు ఉంది కదా, అది ఒక్కరోజైనా పనికొచ్చింది. "ఏసుబాబూ! ఒరేయ్ ఏసుబాబూ! తలుపు తీస్తావా, పగలగొట్టమంటావా!" అని అరిచాను. అతన్ని నేను ఒరేయ్ అనటం అదే మొదలు. పేటంతా బయటికొచ్చింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

గడ్డం బాగా మాసి పెరిగిపోయింది. లుంగీ, బనీను. మనిషి సగమయ్యాడు. గదిలో మూసి ఉంచిన వాసన, స్టవ్ మీద దుమ్ము, కూజాలో చుక్క నీళ్లు లేవు. అతను నన్ను చూసి భయపడ్డట్టు చూశాడు. "కూర్చోండి" అని, కూర్చోవటానికి ఏమీ లేదని గుర్తొచ్చి, మంచం మీది దుప్పటి తీశాడు. గుమ్మం పక్కన మాత్రం ఆడేటప్పుడు వేసుకునే క్యాన్వాసు బూట్లు ఉన్నాయి. తెల్లగా, పాలిష్ పెట్టి.

నేను సంతోషకుమారి దగ్గర మంచినీళ్లు, ఇంత గంజి అడిగి తెచ్చాను. రెండు గుక్కలు తాగాడు. అప్పుడు జాస్మిన్‌కి ఫోన్ చేసి, మనిషి ఉన్నాడని చెప్పి, అతని చేతికిచ్చాను. "బాగానే ఉన్నానమ్మా, ఛార్జింగ్ లేదు" అన్నాడు. ఆ పిల్ల అవతల ఏడుస్తుంటే ఇతను ఫోన్ చెవికి ఆనించుకుని గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది?" అన్నాను ఫోన్ పెట్టేశాక. "నిజం చెప్పు. పిచ్చి ఆలోచనలేమైనా వచ్చినయ్యా?"

"నిద్రలో పోతే బాగుండనిపించిందండి" అన్నాడు. "ఏదన్నా చేసుకునేంత ఓపిక కూడా లేదు."

నెమ్మదిగా, ఒక్కో మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పాడు. మిల్లు మూసిన కొత్తలో పర్వాలేదట, సాయంత్రం ఆట ఉంది కదా అని పొద్దుటి నుంచి కాచుకునేవాడట. కాయలు పోశాక ఆ కాచుకోవటం కూడా లేకుండా పోయింది. తెల్లారి లేవటానికి కారణం కనపడేది కాదు. ఒకసారి తిని మరోసారి మానేసేవాడు. పగలు పడుకుని సాయంత్రానికి లేచేవాడు. "నాలుగింటికి మాత్రం బూట్లు తొడుక్కునేవాణ్ణండి. తొడుక్కున్నాక ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఇక్కడే మంచం మీద కూర్చునేవాణ్ణి. చీకటి పడ్డాక విప్పేసి అమ్మాయికి ఫోన్ చేసేవాణ్ణి. దానికి దిగులు కదండీ, అందుకని ఆడానని చెప్పేవాణ్ణి. ఊరికే చెబితే నమ్మదని, పొద్దున్నుంచీ ఎవరెవరు ఎట్లా ఆడి ఉంటారో ఆలోచించి పెట్టుకునేవాణ్ణి. ఈ రెండు మూడు రోజుల నుంచి అది కూడా తోచట్లేదు. స్కోరు రావట్లేదండి. అందుకే ఫోన్ కట్టేశాను."

"గ్రౌండు దగ్గరికి రావచ్చు గదా! మేమంతా అక్కడే చచ్చాం గదా!" అన్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"వచ్చానండి ఒకరోజు. గోడ అవతల నిలబడ్డాను. మీరు కాయలు తిరగేస్తున్నారు. పిలుద్దామనుకున్నా. పనిలో ఉన్నారు గదా, ఏమని పిలవాలో తెలియలేదు."

"మాకెట్లా తెలుస్తుందయ్యా? నువ్వు కనపడకపోతే మిరపకాయల మీద ఉన్నావనుకున్నాం."

అతను నా వంక చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. తెలియనివాడికి తెలియజెప్పినట్టు చెప్పాడు.

"నాకు మిరపకాయలెక్కడివండీ? సెంటు భూమి లేదు గదా."

పద్దెనిమిదేళ్ల పాటు నా పక్కన నిలబడినవాడికి భూమి ఉందో లేదో నేను ఆలోచించలేదు. మూడు నెలలు ఆ మాట ఊరంతా చెప్పుకుని తిరిగాను.

అక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? అబ్బే. నాకంత తేలిగ్గా రాదు. మా రైతులకు అన్ని దిగుళ్లకూ తెలిసిన మందు ఒకటే, పని. "రేపట్నుంచి కల్లానికి రా, కాయలు తిరగేద్దువు గాని, నలుగురిలో ఉంటే మనసు అదే కుదురుకుంటుంది" అన్నాను పెద్ద డాక్టరులాగా. అతను ఎదురు చెప్పే మనిషి కాదు. వచ్చాడు. తలకు గుడ్డ చుట్టుకుని, తను ఊడ్చి చదును చేసిన కోర్టు మీద నా కాయలు తిరగేశాడు. సాయంత్రం బిందుమాధవి అందరికీ ఇచ్చినట్టే అతనికీ కూలి ఇచ్చింది. అతను రెండు చేతులతో తీసుకుని "థాంక్సండీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను. మంచిదే కదా, ఖర్చులకు ఉంటాయి కదా అనుకున్నాను, ఛీ నా బతుకు! మూడోరోజు అతను రాలేదు. తలుపు మళ్లీ గడియపడింది.

ఆ ఆదివారం జాస్మిన్ సెలవు పెట్టుకుని వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది ఆ పిల్ల, మాటలో వాళ్ల నాన్న పోలిక ఒక్కటీ లేదు. కల్లం దగ్గరికే వచ్చి, అందరి ముందే కడిగేసింది.

"అంకుల్, మీరు చెడ్డవాళ్లని నేననను. మా నాన్నకి పని కావాలంటే పేటలో ఎవరన్నా ఇస్తారు. ఆయన మీ జట్టు మనిషి అంకుల్. మీరేమో ఆయన్ని కూలీని చేశారు. జబ్బుమనిషి, కాదని చెప్పలేక వచ్చాడు."

కూలీలు తలలు తిప్పుకున్నారు. బిందుమాధవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకంటే ఇరవై అయిదేళ్లు చిన్నపిల్ల నన్ను అంటుంటే నా నోరు లేవలేదు. లేవటానికి ఏముంది?

మర్నాడు ఆ పిల్ల తండ్రిని గుంటూరు తీసుకుపోయి, తను పనిచేసేచోటే మనసు డాక్టరుకు చూపించింది. నేనూ పోయాను. డాక్టరమ్మ ఇది డిప్రెషన్ అని, జబ్బేనని, జ్వరం లాగే మందుతో తగ్గుతుందని చెప్పి మాత్రలు రాసింది. నన్ను విడిగా కూర్చోబెట్టి, "మీరేం చెయ్యొద్దండీ, ధైర్యం చెప్పొద్దు, సలహాలివ్వొద్దు. రోజూ ఒకే టైముకి పోయి ఆయన పక్కన కూర్చోండి. ఆయన ఏమీ మాట్లాడకపోయినా మీరు పోవటం మానొద్దు" అంది. సలహా ఇవ్వకుండా కూర్చోవటం! నా పనికంటే మాత్రలు మింగేవాడి పనే తేలికనిపించింది.

పోయాను. రోజూ అయిదింటికి, కాయలు ఎట్లా ఉన్నా సరే, పేటకు పోయి అతని అరుగు మీద కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులు అతను లోపలే పడుకున్నాడు, నేను బయట కూర్చుని వీధిలో కోళ్లను చూసి వచ్చాను. నోరు మూసుకుని అరగంట కూర్చుంటే ఆ అరగంట ఎంత పొడుగ్గా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. నాకు అరగంట. అతనికి మూడు నెలలు. అయిదోరోజు బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊళ్లో ప్రేమ్‌చంద్ "ఏందిరా, రోజూ పేటకు పోతున్నావంట, మతం పుచ్చుకున్నావా?" అని పరాచికాలాడాడు. "నువ్వు కూడా రా, ఇద్దరం కలిసి పుచ్చుకుందాం" అన్నాను. మర్నాడు నిజంగానే వచ్చాడు, చేతిలో మామిడిపండ్ల సంచి. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక, గత ఏడాది గీత మీద పడిన బంతి గురించి మళ్లీ నాతో పోట్లాట మొదలెట్టాడు. ఏసుబాబు అంతా విని, "గీత అవతలే పడిందండి" అన్నాడు. నా మీద తీర్పు! నేను లేచి ప్రేమ్‌చంద్‌ని కౌగిలించుకున్నంత పని చేశాను.

రెండు వారాలకు బ్యాటు తీశాడు. చర్చి వెనక గోడ ఖాళీగా ఉంటుంది, పాస్టరుగారు ఆడుకోమన్నారు. ఇద్దరం గోడకేసి బంతి కొట్టేవాళ్లం. అతను పది దెబ్బలకే ఆయాసపడి కూర్చునేవాడు. ఒక్కోరోజు అసలు లేచేవాడు కాదు, ఆ రోజుల్లో ముఖం చూస్తే నాకు భయం వేసేది, మళ్లీ మొదటికొచ్చిందేమోనని. బాగుపడటం తిన్నగా రాదని జాస్మిన్ ఫోన్‌లో చెప్పేది. మాత్ర వేసుకున్నాడో లేదో అడగటం నా డ్యూటీ. తిన్నాడో లేదో చూడటం సంతోషకుమారి డ్యూటీ.

జూన్ మొదటివారంలో కాయలు ఎత్తేశాం. కోర్టు ఊడ్చింది ఈసారి మేమే. నీళ్లు మోసింది మేమే. నాలుగు బిందెలు మోసేసరికి నా భుజం పడిపోయింది, అప్పుడు కానీ తెలియలేదు ఇన్నేళ్లూ ఎవరి భుజం మీద ఆడామో. గీతలు వంకర టింకరగా వచ్చాయి. అతని చోట మా గ్రామ సచివాలయంలో ఉద్యోగానికి కొత్తగా వచ్చిన త్రినాథ్‌ని ఆడించాం. ఏసుబాబు "వస్తానండి, వస్తాను" అంటూ ఎనిమిదో రోజుకి గానీ రాలేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కోర్టులో అప్పటికే పదిమంది ఉన్నారు.

అతను మమ్మల్ని లెక్కపెట్టటం నేను చూశాను. "ఆడుకోండి, నేను చూస్తాను" అని వెనక్కి తిరగబోయాడు.

నేను బయటికొచ్చేశాను. "నాకు మోకాలు పట్టేసింది, నువ్వు దిగు" అన్నాను. నా మోకాలు శుభ్రంగా ఉంది. అతనికీ తెలుసు. నా మోకాలి వంక చూసి, బ్యాటు తీసుకుని దిగాడు. మొదటి మూడు బంతులూ వదిలేశాడు. ప్రేమ్‌చంద్ లాంటి వాడు కూడా నోరెత్తలేదు. నేను స్కూలు మెట్ల మీద కూర్చుని చూశాను. ఎదురుగా పదిమంది ఆడుతున్నారు, అరుస్తున్నారు, నా పేరు ఎవరూ పిలవటం లేదు. ఒక్క సాయంత్రమే. అయినా లేచి ఇంటికి పోదామనిపించింది. ఆ మర్నాటి నుంచి ఒకరి తరువాత ఒకరం వంతులేసుకుని బయట కూర్చుంటున్నాం, పదకొండుమందిమీ ఆడేట్టు.

జులైలో మొదటి మంచి వాన పడింది. పత్తి విత్తనం పెట్టించటానికి పొద్దుటి నుంచి చేలోనే ఉన్నాను. సాయంత్రానికి నడుము లేవలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి మంచమెక్కాను. గ్రౌండుకు పోలేదు, ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. వాన పడితే రైతు చేలో ఉంటాడని ఊరందరికీ తెలిసిందే.

ఆరున్నరకు బిందుమాధవి వచ్చి, "ఏసుబాబు వచ్చాడు. లోపలికి రమ్మంటే రానంటున్నాడు, మీరు లేవండి" అంది.

గేటు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో బ్యాటు, బూట్ల నిండా బురద. ఆట నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు. మా వీధిలోకి అతను ఎప్పుడూ రాలేదు, ఎవరినో అడిగి కనుక్కుని ఉంటాడు.

"ఏందయ్యా, ఏమైంది?" అన్నాను.

"నాకేం కాలేదండీ. ఇవాళ మీరు రాలేదు" అన్నాడు. "బాగున్నారో లేదో చూసి పోదామని."

నేను పోనిది ఒక్క పూట.